సముద్రపు సున్నా, క్యాంపు వాలు

విశాఖ రేవులో సముద్రం రోజుకు రెండు మార్లు పోటెత్తి, రెండు మార్లు వెనక్కి తగ్గుతుంది. ఆ ఆటుపోట్లను ఏళ్ల తరబడి కొలిచి తీసిన సగటుకీ, ఇక్కడికి వందల కిలోమీటర్ల అవతల కర్ణాటకలో సింధనూరు దగ్గర ఒక తెలుగు రైతు వరిమడికీ చుట్టరికం ఉంది. సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసిన ఆ ప్రాంతపు భూపటంలో అక్కడక్కడా ఒక చుక్క, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఆ అంకె సముద్రమట్టం నుంచి నేల ఎత్తు. ఆ సముద్రమట్టాన్ని తేల్చిన రేవుల్లో మనది ఒకటి. టోపో షీటు అని అందరూ పిలిచే ఆ కాగితాన్నీ, దాని వెనకున్న చేతుల్నీ పాఠకులకు పరిచయం చేయాలని నాకు చాలాకాలంగా కోరిక.

ముందు ఆ నేల గురించి నాలుగు మాటలు. తుంగభద్ర ఆనకట్ట పనులు 1945లో మొదలై, 1953లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమగట్టు కాలువ పారే రాయచూరు ప్రాంతం అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎక్కువగా నల్లరేగడి. అక్కడి రైతుకు జొన్న, పత్తి తెలుసు. వాన తడి పట్టి ఉంచే నేలను మడులు కట్టి, సమం చేసి, నీళ్లు నిలబెట్టి నాట్లు వేయడం ఆయన పద్ధతి కాదు. ఆ పని పుట్టుకతో తెలిసినవాళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల డెల్టాలో ఉన్నారు. ఇక్కడ ఉన్న ఎకరం అరెకరం అమ్ముకుంటే అక్కడ అంతకు ఎన్నో రెట్లు భూమి వస్తుందని తెలిసి కుటుంబాలు కుటుంబాలుగా తరలివెళ్లారు. పొలం గట్టున గుడిసెలు వేసుకున్న చోటును క్యాంపు అన్నారు. గుడిసెలు పోయి మేడలు వచ్చాయి, రైసు మిల్లులు వచ్చాయి, క్యాంపు అన్న పేరు మాత్రం ఉండిపోయింది. గంగావతి పక్కన శ్రీరామనగర్, సింధనూరు పక్కన గాంధీనగర్, గొరేబాళ క్యాంపు, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. తరవాతి కాలంలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు కూడా సింధనూరు తాలూకాలోనే చోటు చూపించారు. ఆ చోట్లను ఆర్.హెచ్. క్యాంపులని నంబర్లతో పిలుస్తారు. అంతకు ముందే నిజాంసాగర్ కింద, నిజామాబాదు జిల్లాలో, ఇలాంటి తెలుగు క్యాంపులే వెలిశాయి. అయితే షీటులో వలస ఇంత స్పష్టంగా చదవగలిగేది తుంగభద్ర కిందనే అని నా అభిప్రాయం.

ఆ షీట్ల నంబరు 57 ఎ. దేశాన్ని నాలుగేసి డిగ్రీల పలకలుగా కోసి, ఒక్కో పలకకు ఒక అంకె ఇచ్చారు. దాన్ని డిగ్రీ చదరాలుగా పదహారు చేసి అక్షరాలు ఇచ్చారు. మళ్లీ ఒక్కో చదరాన్ని పదహారు చేసి అంకెలు ఇచ్చారు. చివరికి చేతికొచ్చే షీటు పదిహేను నిమిషాల అక్షాంశం, పదిహేను నిమిషాల రేఖాంశం. స్కేలు యాభై వేలకు ఒకటి, అంటే నేల మీద కిలోమీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. మన విశాఖ నగరం, రేవు 65 ఓ/6లో పడతాయి. ఉక్కు కర్మాగారం పక్క షీటు 65 ఓ/2. తీరం వెంబడి షీట్లు చాలాకాలం బయటివాళ్లకు అందేవి కావు. సొంత ఊరి షీటు చూడలేని విశాఖ విద్యార్థి లోనాటి షీట్ల మీదే భూపటం చదవడం నేర్చుకోవలసి వచ్చింది. 2005 నాటి జాతీయ భూపట విధానం వచ్చాక, ఓపెన్ సిరీస్ షీట్లు వెలువడ్డాక ఆ తలుపులు కొంత తెరుచుకున్నాయి.

ఇక సున్నా సంగతి. సముద్రమట్టం అని తేలిగ్గా అంటాం కానీ సముద్రానికి మట్టం ఎక్కడుంది? కెరటం ఉంది, పోటు ఉంది, పాటు ఉంది, అమావాస్యకు ఒక తీరు, అష్టమికి ఒక తీరు. దాన్ని పట్టుకోవడానికి రేవులో ఒక బావి కట్టి, సన్నని గొట్టంతో సముద్రానికి కలిపేవారు. గొట్టం సన్నగా ఉండటంలోనే తెలివంతా ఉంది. కెరటం వచ్చి పోయే ఆ కొద్ది క్షణాల్లో బావిలోకి చేరగలిగే నీరు అతి తక్కువ. ఆరు గంటల పోటు మాత్రం తాపీగా, పూర్తిగా ఎక్కుతుంది. అల్లరి బయట ఉండిపోతుంది, అసలు కదలిక లోపలికి వస్తుంది. బావిలో తేలే బుడ్డికి తీగ, తీగకు కలం, కలం కింద గడియారంతో తిరిగే కాగితపు చుట్ట. పగలూ రేయీ సముద్రం తన గీత తానే గీసుకుంటుంది. ఆ గీతల సగటు సముద్రమట్టం.

కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరాన ఫాల్స్ పాయింట్. ఈ తొమ్మిది రేవుల సగటు నీటిమట్టాన్ని సున్నాగా పట్టుకుని, 1858 నుంచి దేశమంతటా చేసిన లెవెలింగును 1909లో ఒక్కటిగా సరిచేశారు. తొమ్మిది చోట్లా నీరు ఒకే మట్టాన ఉందనుకోవడం ఆ లెక్కకు పునాది. సముద్రం అంత సమంగా ఉండదని తరవాతి వాళ్లు కనిపెట్టారు. అయినా మనం వాడుకున్న షీట్ల మీది ఎత్తులన్నీ ఆ పునాది మీదే నిలబడ్డాయి.

ఎత్తుకే కాదు, పొడవుకీ విశాఖ ఒక ఆధారం. 1802లో సర్వేయరు లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గీత కొలిచి మొదలుపెట్టిన త్రిభుజాల అల్లిక, తూర్పు తీరం వెంట కలకత్తా నుంచి దిగి వచ్చినప్పుడు దాన్ని సరిచూసుకోవడానికి విశాఖపట్నం దగ్గర 1862-63లో ఒక ఆధారరేఖను నేల మీద కొలిచారు. కొలిచిన పరికరం కోల్బీ కడ్డీలు. పది అడుగుల కొలతకు ఒక ఇనుప కడ్డీ, ఒక ఇత్తడి కడ్డీ పక్కపక్కన పెట్టి, మధ్యలో బిగించి, రెండు కొసల్లోనూ చిన్న అడ్డపట్టీలతో కలిపారు. ఎండకు ఇనుము సాగుతుంది, ఇత్తడి అంతకన్నా ఎక్కువ సాగుతుంది. ఆ తేడాతో అడ్డపట్టీ ఒక పక్కకు వాలుతుంది. పట్టీ మీద ఎక్కడ చుక్క పెడితే, రెండు లోహాలు సాగినా ఆ కొస చుక్కకీ ఈ కొస చుక్కకీ మధ్య దూరం మారదో లెక్కకట్టి సరిగ్గా అక్కడ చుక్క పెట్టారు. అలాంటి కడ్డీలు ఆరు, కడ్డీకీ కడ్డీకీ మధ్య సూక్ష్మదర్శినులు. మన తీరపు ఎండలో కిలోమీటర్ల తరబడి అలా జరుపుకుంటూ పోయారు. లోహం సాగడాన్ని ఆపలేకపోతే, ఆ సాగుడునే సాగుడుకి విరుగుడుగా వాడుకోవడం! ఇంత అందమైన ఆలోచన పరికరాల చరిత్రలో నాకు ఎక్కువగా తారసపడలేదు.

రేవులో తేలిన సున్నాను లోనాటికి మోసుకెళ్లడం లెవెలింగు పని. మధ్యలో లెవెల్ అనే దుర్భిణి పెట్టి, వెనక స్టాఫు (కొలతల బద్ద) ఒకటి, ముందు స్టాఫు ఒకటి చదివి, తేడా రాసుకుని ముందుకు జరగాలి. వినడానికి ఇంతే. వెనక దూరం, ముందు దూరం సమానంగా ఉండాలన్నది ఇందులో ప్రాణం లాంటి నియమం. కిలోమీటరు దూరాన భూమి వంపు వల్లనే ఏడెనిమిది సెంటీమీటర్ల తేడా వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా దూరపు వర్గంతో పెరుగుతుంది. దుర్భిణి చూపు పిసరంత పైకో కిందికో ఉంటే అదీ కలుస్తుంది. రెండు పక్కలా దూరం సమానంగా పెడితే రెండు వైపులా తప్పూ సమానమై తీసివేతలో పోతుంది. అందుకే స్టాఫు పట్టుకున్న ఖలాసీ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తాడు. గీత మొత్తాన్ని మళ్లీ ఎదురు దిశలో కొలుస్తారు. ఎండ ముదిరి గాలి మిలమిలలాడితే ఆపేస్తారు. పాత రైల్వే స్టేషన్లలో, రాతి కట్టడాల మీద ‘జి.టి.ఎస్. బి.ఎం.’ అని ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కిన రాళ్లు ఆ నడకలో దిగబెట్టిన ఎత్తు గుర్తులే, వాటినే బెంచ్ మార్కులు అంటారు.

షీటు కింది సంకేతాల పట్టికలో బెంచ్ మార్కులు మూడు రకాలని రాసి ఉంటుంది. జియోడెటిక్, టెర్షియరీ, మూడోది కెనాల్. కాలువ ఇంజనీర్లు తమ పనికోసం పెట్టుకున్న ఎత్తు గుర్తుకు భూపటం వేరే చోటు ఇచ్చిందన్నమాట. సముద్రం నుంచి వచ్చిన అంకె, కాలువ తవ్వినవాళ్ల అంకె ఒకే కాగితం మీద పక్కపక్కన నిలుస్తాయి. ఆయకట్టు షీటుకు ఇది గుండెకాయ.

ఎందుకంటే ఆ నేల అంత చదును. గోధుమరంగు సమోన్నత రేఖలు మామూలుగా ఇరవై మీటర్లకొకటి, చదును ప్రాంతాల్లో పది మీటర్లకొకటి గీస్తారు. రెండు రేఖల మధ్య కొన్ని కిలోమీటర్లు ఖాళీగా పోవచ్చు. రైతుకు కావలసిన వాలంతా ఆ ఖాళీలోనే ఉంది. జానెడు ఎత్తు తేడా వస్తే మడికి నీళ్లు ఎక్కవు. మరి రేఖలు చెప్పలేనిది షీటు ఎలా చెబుతుంది? నీలిరంగుతో చెబుతుంది.

తుంగభద్ర జలాశయం నిండు మట్టం 1633 అడుగులు. ఎడమగట్టు ప్రధాన కాలువ అక్కడ మొదలై 227 కిలోమీటర్లు నడుస్తుంది. అది వీలైనంత ఎత్తును పోగొట్టుకోకుండా నేల వంపునే పట్టుకుని మెల్లగా దిగుతుంది. ఒక్కసారి ఎత్తు జారవిడిస్తే ఆ పైనున్న నేలకు మళ్లీ నీళ్లు రావు. విశాఖవాళ్లకు ఇది కొత్త కాదు. ఉక్కు కర్మాగారానికి ఏలేరు నుంచి నీరు తెచ్చే 153 కిలోమీటర్ల కాలువ కూడా ఇలాగే, వాలును పొదుపుగా ఖర్చుపెడుతూ కణితి జలాశయం దాకా వస్తుంది. ప్రధాన కాలువ నుంచి విడిపోయే డిస్ట్రిబ్యూటరీ పద్ధతి వేరు. రెండు పక్కలా నీళ్లు పారాలి కాబట్టి అది మిట్ట నడినెత్తిన పోవాలి. మిట్టకీ మిట్టకీ మధ్య పల్లంలో పాత వాగులు ఎప్పటిలాగే పారుతుంటాయి, మడుల నుంచి దిగిన మురుగు వాటిలోకి చేరుతుంది. షీటు మీద చూస్తే రెండు రకాల నీలిగీతలు, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు, ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి తిన్నగా పోయి కోణంగా తిరిగేది, మనిషి తవ్వింది. ఒకటి మెలికలు తిరిగేది, వాన తవ్వింది. కాలువ కనిపించిన చోట మిట్ట, వాగు కనిపించిన చోట పల్లం. ఒక్క సమోన్నత రేఖ లేకపోయినా నేల మడతలన్నీ తెలిసిపోతాయి. ఇలా చదవడం అలవాటైనవాడు ఏ క్యాంపు నీటికి దగ్గరో, ఏ క్యాంపు పొలాల్లో మురుగు ఆగిపోయే ప్రమాదముందో కాగితం మీదే అంచనా కట్టగలడు.

ఈ గీతలు నిలబడాలంటే సర్వేయరు వాటిని కంటితో చూసి గీయాలి. పాతకాలంలో ప్లేన్ టేబుల్ పద్ధతి. మూడు కాళ్ల బల్ల మీద కాగితం, కాగితం మీద ముందే గుర్తించిన త్రిభుజ స్థానాలు, చూపు బద్ద, ఎత్తు కోణానికి క్లైనోమీటరు. దూరాన కనిపించే మూడు గుర్తుల నుంచి వెనక్కి గీతలు లాగితే తాను నిల్చున్న చోటు కాగితం మీద దొరుకుతుంది. నేలను చూస్తూనే నేలను గీయడం ఇందులో గొప్పదనం. ఆఫీసుకు వెళ్లాక గుర్తుచేసుకునే పని ఉండదు. తప్పు గీస్తే ఎదురుగా ఉన్న కొండే చెబుతుంది. తరవాత విమాన ఛాయాచిత్రాలు వచ్చాయి. ఒకే నేలను రెండు చోట్ల నుంచి తీసిన ఫొటోలను జంటగా చూస్తే గుట్టలు పైకి లేస్తాయి. అయినా ఫొటో ఊరి పేరు చెప్పదు, చెట్లకింద దారిని చూపించదు, కాలువ గట్టు మీద బండి నడుస్తుందో లేదో తేల్చదు. అందుకే ఫొటో పట్టుకుని నేల మీద నడిచి సరిచూడటం తప్పలేదు.

నడిచినప్పుడే క్యాంపు ఎదురవుతుంది. సంకేతాల పట్టికలో గుడిసెలు రెండు రకాలు, శాశ్వతం, తాత్కాలికం. ఊళ్లు రెండు రకాలు, జనం ఉన్నవి, పాడుబడినవి. డెల్టా నుంచి వచ్చి తాటాకు పాక వేసుకున్న మనిషి ముందు నిలబడి సర్వేయరు ఈ రెండింట్లో ఏదో ఒక గుర్తు వేయాలి. ఈ పాక వచ్చే ఏడాదికి ఉంటుందా? బోరో బావో తవ్వారా, గుడి కట్టారా, బడి ఉందా? ఆ ప్రశ్నలకు జవాబులు వెతకడం కూడా సర్వేలో భాగమే. ఎర్రని చదరం ఒకటి వేశాడంటే ఇక్కడ ఊరుందని ప్రభుత్వ కాగితం ఒప్పుకున్నట్టే. చాలా క్యాంపులు రెవెన్యూ లెక్కల్లో వేరే గ్రామాలు కావు, పాత ఊరి సరిహద్దుల్లోనే ఇమిడి ఉంటాయి. ఆ లెక్కల్లో లేని ఊరికీ టోపో షీటులో చోటుంటుంది. నేల మీద ఉన్నదాన్ని వేయడమే దాని నీతి. ఈ షీట్లలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే.

పాత ఊరినీ క్యాంపునూ పేరు చూడకుండానే విడదీయవచ్చు. పాత ఊరు వాగు ఒడ్డున గుబురుగా, చుట్టూ ఎటుపడితే అటు పోయే కాలిబాటలతో ఉంటుంది. శతాబ్దాల నడక ఆ బాటలు వేసింది. క్యాంపు కాలువ రోడ్డును ఆనుకుని, తిన్నని వీధులతో, పొలానికి అందుబాటులో ఉంటుంది. అక్షరాల దగ్గర మాత్రం తేడా లేదు. జనాభా, ప్రాధాన్యం బట్టి అక్షరం పరిమాణం మారుతుంది తప్ప, ముందొచ్చిన ఊరికి ఒక రకం, వెనకొచ్చిన ఊరికి ఒక రకం అక్షరాలు లేవు.

ఇక గీత పనివాడి చేయి. యాభై వేల స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద యాభై మీటర్లు. మీటరు వెడల్పు పిల్లకాలువను లెక్క ప్రకారం గీస్తే వెంట్రుక కంటే సన్నగా వస్తుంది, అచ్చులో నిలవదు. వేస్తే లావు చేసి వేయాలి, లేదా వదిలేయాలి. కాలువ, కాలువ గట్టు, పక్కన రోడ్డు, రోడ్డు పక్కన ఇళ్ల వరస, ఇన్నిటికీ నేల మీద చోటుంది, కాగితం మీద లేదు. అప్పుడు నీటిని ఉన్నచోటే ఉంచి, రోడ్డును ఒక పిసరు జరిపి, ఇళ్లను ఇంకో పిసరు జరుపుతాడు. కొలతలో అబద్ధం, వరసలో నిజం. ఏది దేనికి ఏ పక్కన ఉందన్నది చెడకూడదు. గట్టు ఎత్తైతే పక్కన ‘3ఆర్’ అని చిన్న ఇంగ్లీషు అక్షరంతో వేస్తాడు, చుట్టుపక్కల నేలకంటే మూడు మీటర్లు పైకి ఉందని. సముద్రం నుంచి లెక్క కాకుండా, గట్టు కింద నిల్చున్న మనిషి కంటినుంచి వేసే లెక్క షీటు మొత్తం మీద ఇదొక్కటే. వాగుల పేర్లు వాలు అక్షరాల్లో, వాగు వంపు వెంటే నడుస్తాయి. మన షీట్లలో గెడ్డ, అక్కడి షీట్లలో హళ్ల. నాడు నాడుకూ నీటిని పిలిచే పిలుపును అలాగే ఉంచారు.

రంగు రంగుకూ వేరే పలక. నలుపు, నీలం, గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు. అచ్చు పరిమాణం కంటే పెద్దదిగా గీసి, ఫొటో తీసి తగ్గించేవారు. తగ్గినప్పుడు చేతి వణుకు కూడా తగ్గుతుంది. ఆ తరవాత పూత పూసిన పారదర్శక పలక మీద సన్నని సూదితో గీరే పద్ధతి వచ్చింది. ఒక పలక వెంట్రుకవాసి జరిగితే నీలిరంగు కాలువ గోధుమరంగు మిట్ట మీంచి పల్లంలోకి జారిపోతుంది. ఇందాక చెప్పిన కాలువ, వాగుల చదువంతా తప్పుతుంది. మంచి అచ్చులో అది తప్పకపోవడం యంత్రం గొప్ప అనుకోను. మూలల్లో సరిగుర్తులు కలిపి చూసుకున్న కంటి గొప్ప. ఈ విద్యను సర్వే ఆఫ్ ఇండియా హైదరాబాదు ఉప్పల్‌లోని తన శిక్షణ సంస్థలో నేర్పుతూ వచ్చింది.

ఈ షీట్లను ఇంత మెచ్చుకున్నాక వాటితో నాకున్న పేచీ కూడా చెప్పాలి. సాగునేలంతా పసుపు. జొన్న చేనూ పసుపే, వరిమడీ పసుపే. తుంగభద్ర ఎడమ కాలువను ఎక్కువ నేలకు కొద్దికొద్దిగా నీళ్లిచ్చి కరువు నుంచి కాపాడేలా, జొన్న, పత్తి వంటి ఆరుతడి పైర్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. క్యాంపులు వచ్చాక కాలువ పైభాగమంతా వరి అయింది. వరి తాగేసిన నీరు చివరి భూములకు చేరలేదు. తెలుగు రైతు చెమట, నేర్పు ఎంత నిజమో, కింది ఊళ్ల కన్నడ రైతు ఎండిన తూము ముందు నిలబడటమూ అంతే నిజం. షీటు మీద కాలువ మొదట ఎంత నీలమో చివరా అంతే నీలం. సర్వేయరు తవ్విన కాలువను కొలిచాడు, పారే నీటిని కొలవమని ఎవరూ ఆయన్ను అడగలేదు. వాగు విషయంలో భూపటానికి ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు. ఏడాది పొడవునా నీరుండే వాగుకు నీలం, ఎండాకాలం ఎండిపోయే వాగుకు నలుపు. చెరువుకీ అదే పద్ధతి. కాలువ చివరి మైళ్లకు కూడా ఆ నల్లగీత వాడుకోవడానికి కొత్త సంకేతం కనిపెట్టనక్కర్లేదు, పట్టికలో ఉన్నదే చాలు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల్లో ఏ నెలలో ఎక్కడ నీళ్లు నిలిచాయో, ఎక్కడ వరి పచ్చబడిందో తెలుస్తూనే ఉంది. 57 ఎ షీట్లు మళ్లీ తయారుచేసేవాళ్లు పసుపును రెండు ఛాయలుగా విడదీసి, చివరి తూముల దగ్గర నీలాన్ని నలుపు చేస్తే, క్యాంపు మనిషీ కింది ఊరి మనిషీ ఒకే కాగితం మీద తమ తమ నీటి లెక్క చూసుకోగలుగుతారు.